ఊళ్లో ఓటు తీసేశారు, బెంగళూరులో ఇంకా రాలేదు. ఇప్పుడు నేను ఎక్కడి ఓటరుని?

మారతహళ్లి_మాధవి
మాది కనిగిరి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లయింది. ఓటు మాత్రం ఊళ్లోనే ఉంచుకున్నాను. 2019లో వెళ్లి వేసొచ్చాను. 2024 మే 13కి కూడా నెల ముందే సెలవు చెప్పి, మామూలుగా వెయ్యి లోపుండే బస్సు టికెట్ రెండు వేల ఆరు వందలకి కొని, రాత్రంతా కూర్చుని వెళ్లాను. పొద్దున్నే నాన్నతో కలిసి బూత్‌కి పోతే నా పేరు లేదు. నాన్నది ఉంది, అమ్మది ఉంది, పెళ్లై నెల్లూరు వెళ్లిన చెల్లిది కూడా ఉంది. నాదే లేదు. ఏజెంటుగా కూర్చున్నది మా వీధి అబ్బాయే. "అక్కా, నువ్వు బెంగళూరులో ఉంటున్నావని పేరు తీసేయమని ఎవరో ఫారం 7 పెట్టారంట" అన్నాడు. ఒక్క నోటీసు రాలేదు, ఒక్క ఫోన్ రాలేదు. నాన్న ముందు నవ్వాను గానీ తిరుగు ప్రయాణంలో ఏడుపు ఆగలేదు.

ఇక్కడ చూస్తే వార్డు ఎన్నికలంటున్నారు. సరే, ఇక్కడే నమోదు చేసుకుందామని వెళ్తే అద్దె అగ్రిమెంటు చెల్లదన్నారు. పైగా మా అపార్ట్‌మెంటులో ఏ, బీ బ్లాకులు ఒక వార్డులోకి, సీ బ్లాకు ఇంకో వార్డులోకి పోయాయట. గేటు ఒకటే, నీళ్ల ట్యాంకరు ఒకటే, వార్డులు రెండు.

మూడు ప్రశ్నలు. చెప్పకుండా ఓటు తీసేయడం చట్టమేనా? రెండు చోట్లా ఉంచుకుంటే నేరమా? అసలు మనలాంటివాళ్ల ఓటు ఎక్కడ ఉండాలి?

సర్జాపూర్_సీను
రెండు చోట్లా ఉంచుకోండి. నాకు అలాగే ఉంది. 2024లో బెంగళూరుకి ఏప్రిల్ 26, ఆంధ్రాకి మే 13. రెండు చోట్లా వేశాను. ఇక్కడ టాక్స్ కడుతున్నా, అక్కడ పొలం ఉంది. రెండు చోట్లా నాకు హక్కుంది.

పాలకొల్లు_ప్లీడరు
సీనుగారూ, పొలం ఉన్నంత మాత్రాన ఓటు రాదండి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ఒకరి పేరు ఒకటికి మించిన నియోజకవర్గాల్లో ఉండకూడదంటుంది. 19వ సెక్షన్ ప్రకారం మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడే నమోదు. ఇల్లు సొంతమనో, స్వాధీనంలో ఉందనో అంతమాత్రం చేత అక్కడి నివాసి అయిపోరని 20వ సెక్షన్‌లో విడిగా రాసి పెట్టారు. కొత్త ఓటుకి ఫారం 6 నింపేటప్పుడు "ఇంకెక్కడా నా పేరు లేదు" అని సంతకం పెడతాం. అది అబద్ధమైతే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇక 1951 చట్టం 62వ సెక్షన్ చూడండి. ఒకే రకం ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో వేస్తే రెండు ఓట్లూ చెల్లవు. అంటే లోక్‌సభకి మీరు వేసిన రెండు ఓట్లూ చట్టం దృష్టిలో సున్నా.

సర్జాపూర్_సీను
ఇక్కడ నమోదు చేసేటప్పుడు పాత ఓటు సంగతి ఎవరూ అడగలేదు సార్. ఏజెంటు కుర్రాడు ఫారం నింపాడు, నేను సంతకం పెట్టాను.

పాలకొల్లు_ప్లీడరు
సంతకం మీదే కదా. ఏదో ఒకటి మీ అంతట మీరే తీయించుకోండి. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగొద్దు.

రిటైర్డ్_మాస్టారు
మాధవమ్మా, ఒక సంగతి చెప్పు. నీ పేరు జాబితాలో కనబడి దాని మీద "డిలీటెడ్" అని ముద్ర ఉందా? లేక పేరు మామూలుగానే ఉండి, నువ్వు ఏఎస్‌డీ జాబితాలో ఉన్నావన్నారా? నేను ఆరు ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారిగా చేశాను. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఏఎస్‌డీ అంటే ఇంటికి వెళ్లినప్పుడు లేరు, మారిపోయారు, చనిపోయారు అని బీఎల్వో, అంటే ఇల్లిల్లూ తిరిగి జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారి, రాసుకున్న పట్టిక. అందులో ఉంటే ఓటు పోదు. గుర్తింపు కార్డు గట్టిగా పరిశీలించి, ప్రకటన రాయించుకుని ఓటు వేయనివ్వాలి. చాలామందిని ఇది తెలియక వెనక్కి పంపేస్తుంటారు.

మారతహళ్లి_మాధవి
పేరు మీద అడ్డంగా డిలీటెడ్ అనే ఉంది మాస్టారూ. ఫోటో తీసుకున్నాను.

రిటైర్డ్_మాస్టారు
అయితే ఆ రోజు బూత్‌లో ఎవరూ ఏమీ చేయగలిగేది లేదు తల్లీ. తప్పు అంతకుముందే జరిగింది.

పాలకొల్లు_ప్లీడరు
మాధవిగారి మొదటి ప్రశ్నకి. చెప్పకుండా తీసేయడం చట్టం కాదు. 1950 చట్టం 22వ సెక్షన్ ప్రకారం, ఇక్కడ నివాసం లేరన్న కారణంతో పేరు తీసేముందు మీ మాట వినే అవకాశం ఇవ్వాలి. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. జాబితాలో ఒకసారి ఎక్కిన పేరుకి విలువ ఉంటుంది, నోటీసు లేకుండా, కారణం చెప్పకుండా తీయడానికి వీల్లేదు. దీని మీద కలెక్టరుకి అప్పీలు, ఆ పైన రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. మొదటిదానికి గడువు పదిహేను రోజులు. మీ విషయంలో అది ఎప్పుడో దాటిపోయింది.

అయితే ఒకటి. నోటీసు ఇచ్చి ఉంటే మీరేం చెప్పేవారు? తొమ్మిదేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నానని చెప్పాల్సి వచ్చేది. చెప్పకుండా తీయడం తప్పే. కానీ తీసిన కారణం తప్పు అనలేం.

వైట్‌ఫీల్డ్_వదిన
ప్లీడరుగారూ, అదే కారణం మా ఊళ్లో అందరికీ ఒకేలా వర్తించిందా అని అడగండి. మా వీధిలో బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉన్నవాళ్లు ఇరవై మంది పైనే. ఒక పార్టీవాళ్ల ఇళ్లలో పేర్లు ఎగిరిపోయాయి, ఇంకో పార్టీవాళ్లవి చెక్కుచెదరలేదు. ఎవరు ఎటు వేస్తారో ఊళ్లో అందరికీ తెలుసు. ఫారం 7 దాన్ని చూసే పెడతారు. చట్టం ఒప్పే కావచ్చు, దాన్ని ఏరి కొందరి మీదే వాడితే అది న్యాయమా?

పాలకొల్లు_ప్లీడరు
కాదు వదినగారూ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఫారం 7 పెట్టేవాళ్లు అదే నియోజకవర్గం ఓటరై ఉండాలి, పేరూ ఓటరు కార్డు (ఎపిక్) నంబరూ రాసి సంతకం పెట్టాలి. అబద్ధపు ఫారం పెట్టినవాళ్లకీ అదే 31వ సెక్షన్ వర్తిస్తుంది. ఎవరు పెట్టారో అడిగి తీసుకోండి.

అనంతవాసి
బిహార్‌లో 2025లో ఓటరు జాబితాకి ప్రత్యేక సవరణ అని పెట్టి ముసాయిదాలో 65 లక్షల పేర్లు తీసేసినప్పుడు సుప్రీంకోర్టు ఏం చెప్పింది? ఆ పేర్లన్నీ కారణాలతో సహా బయట పెట్టమంది. ఆధార్‌ని కూడా గుర్తింపుగా తీసుకోమంది. ఊరికే తీసేసి ఊరుకుంటామంటే కుదరదు అనేకదా దానర్థం. మన పల్లెల్లో కూడా పంచాయతీ గోడ మీద కారణంతో సహా అంటించాలి. ముందే చూసుకుంటాం కదా.

హెచ్‌ఎస్‌ఆర్_హరి
నా సలహా చిన్నది. ఊరి ఓటు వదిలేయండి, ఇక్కడ పెట్టుకోండి. రోజూ మనం తొక్కేది ఇక్కడి గుంతలు.

అనంతవాసి
హరీ, అంత తేలిగ్గా అనేయకు బ్రో. మా ఊళ్లో సర్పంచి ఎన్నిక నలభై ఓట్లతో తేలింది. మేం బయట ఉన్నవాళ్లం అరవై మంది. మేం వెళ్లకపోతే చెరువు కట్ట కాంట్రాక్టు ఎవరికి పోయేదో నాకు తెలుసు. మా అమ్మానాన్న అక్కడే ఉన్నారు. నీళ్లు తాగేది వాళ్లు.

హెచ్‌ఎస్‌ఆర్_హరి
ఓట్ల తేడా గురించే అయితే ఇక్కడి సంగతి విను అన్నా. 2023లో జయనగర్ అసెంబ్లీ సీటు ఎంత తేడాతో తేలిందో తెలుసా? 16 ఓట్లు. వందలు కాదు, పదహారు. రాత్రి దాకా రీకౌంటింగ్ చేశారు. ఆ నియోజకవర్గంలో ఉండి, ఓటు మాత్రం రాయలసీమలో, గుంటూరులో ఉంచుకున్న మనవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించు.

కోలార్_కుర్రోడు
మా మాలూరు కూడా చెప్పండి. 2023లో 248 ఓట్ల తేడా. ఓడినాయన హైకోర్టుకి పోతే 2025 సెప్టెంబరులో ఆ ఎన్నిక చెల్లదని తీర్పొచ్చింది. దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చి, మళ్లీ లెక్కపెట్టడానికి ఒప్పుకుంది. అయిదేళ్ల పదవిలో రెండేళ్ల పైన కోర్టులోనే గడిచిపోయింది.

పాలకొల్లు_ప్లీడరు
ఎన్నిక పిటిషన్ ఫలితం వచ్చిన 45 రోజుల్లో వేయాలి. ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయమని చట్టంలో ఉంది. ప్రయత్నం చేయమనే ఉంది, తేల్చి తీరాలని లేదు.

కోలార్_కుర్రోడు
ఇంకో మాట. ఇక్కడ అందరూ "మనం బయటివాళ్లం" అన్నట్టు రాస్తున్నారు. మేం అలా కాదు. మా ముత్తాతలనాటి నుంచీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ, రెండూ మావే. కె.ఆర్. పురం, యలహంక, హొసకోటె వైపు పాత ఊళ్లలో ఎన్ని తెలుగు ఇళ్లున్నాయో చూడండి. ఇక్కడ ఓటు వేయడానికి సిగ్గుపడొద్దు, భయపడొద్దు. మాధవక్కా, బీఎల్వో "యావూరు మేడం?" అంటే "మారతహళ్లి" అని చెప్పు. నువ్వు ఉండేది అక్కడే కదా.

మారతహళ్లి_మాధవి
తమ్ముడూ, ఆ ప్రశ్నకే నోట మాట రాలేదు నాకు. కనిగిరి అనబోయి ఆగిపోయాను.

బెల్లందూర్_భాను
అద్దె అగ్రిమెంటు సంగతి నేను చెప్తాను, నాకూ అదే జరిగింది. ఫారం 6తో ఇచ్చే చిరునామా పత్రాల్లో రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం ఉంది. మనం ఇక్కడ చేసుకునేవి స్టాంపు పేపరు మీద పదకొండు నెలలవి, రిజిస్ట్రేషన్ ఉండదు. అందుకే తీసుకోరు. దానితో గొడవ పడకండి. ఆధార్‌లో చిరునామా ఇక్కడికి మార్చి అది పెట్టండి. లేదా బ్యాంకు పాస్‌బుక్, లేదా కరెంటు, గ్యాస్ బిల్లు. నేను పాస్‌బుక్ పెట్టాను, బీఎల్వో ఇంటికొచ్చి చూసుకుని వెళ్లారు, నెలన్నరకి కార్డు వచ్చింది. ఓటు ఉన్నవాళ్లు మార్చుకోవాలంటే ఫారం 8. మీది ఎలాగూ తీసేశారు గనక కొత్తగా ఫారం 6.

మారతహళ్లి_మాధవి
ఇది ఆ ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు భానూ. మూడు సార్లు తిరిగాను.

రిటైర్డ్_మాస్టారు
ఇంకొకటి గుర్తుంచుకోండి. మున్సిపల్ ఎన్నికలకు విడిగా నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితానే వార్డుల వారీగా విడగొట్టి వాడతారు. పంచాయతీకీ అంతే. కాబట్టి "అసెంబ్లీకి ఊళ్లో, కార్పొరేటరుకి బెంగళూరులో" అనేది కుదరదు. ఒక్క పేరు, ఒక్క చోటు.

సర్జాపూర్_సీను
అదే నా బాధ మాస్టారూ. మా అమ్మ పెన్షన్ అక్కడ, మా పిల్లల బడి ఇక్కడ. మనిషి రెండు చోట్ల బతుకుతుంటే ఓటు ఒక్క చోటే అంటే ఎలా?

హెచ్‌ఎస్‌ఆర్_హరి
ఆ రిమోట్ ఓటింగ్ మెషిన్ ఏమైంది? ఊరెళ్లకుండా ఇక్కణ్ణుంచే వేయొచ్చన్నారుగా.

పాలకొల్లు_ప్లీడరు
2022 డిసెంబరులో ఎన్నికల సంఘం ఆ ప్రతిపాదన పెట్టింది. ఒక్క మెషిన్‌లో 72 నియోజకవర్గాల దాకా నడుస్తుందన్నారు. 2023 జనవరిలో పార్టీలన్నిటినీ పిలిచారు. చాలా ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. వలస ఓటరంటే ఎవరో ముందు తేల్చమన్నారు, ఇంకో రాష్ట్రంలో ఎన్నికల కోడ్ ఎవరు అమలు చేస్తారన్నారు. ఆ సందేహాలు తీసిపారేసేవి కావు.

దువ్వూరు_డ్రైవరన్న
మరి పార్టీలు పెట్టే బస్సుల సంగతేంది? 2024లో సిల్క్ బోర్డు దగ్గర నుంచి మా బ్యాచ్‌ని ఎక్కించుకుని పోయినారు. టికెట్ లేదు, మధ్యలో భోజనం, దిగినాక కవరు. ఓటెవరికని అడగలేదు గానీ, బస్సులో కూర్చున్నాక ఇంకొకరికి వేసేంత మొహం ఎవరికుంటుంది? ఇది తప్పా, సాయమా? చెప్పండి సార్.

పాలకొల్లు_ప్లీడరు
కవరు లంచమే అన్నా, అందులో రెండో మాట లేదు. ఇచ్చినవాళ్లదీ తప్పే, తీసుకున్నవాళ్లదీ తప్పే. బస్సు విషయానికొస్తే, అభ్యర్థో, ఏజెంటో, వాళ్ల అనుమతితో వేరేవాళ్లో ఓటర్లని పోలింగ్ కేంద్రానికి ఉచితంగా చేర్చడానికి బండి పెడితే అది 1951 చట్టం 123వ సెక్షన్‌లో అవినీతి చర్య. రుజువైతే గెలిచిన ఎన్నిక కూడా రద్దవుతుంది. చిక్కంతా రుజువులోనే. బస్సు అభ్యర్థి పేరు మీద ఉండదు, డబ్బు ఏ ఖాతాలోంచి పోయిందో కనబడదు, ఎక్కినవాడు సాక్ష్యం చెప్పడు.

దువ్వూరు_డ్రైవరన్న
నేను చెప్పను సార్, నిజమే. ఆ ఊళ్లో నా పెండ్లాం బిడ్డలు ఉండారు.

చిత్తూరు_చిట్టా
ఖర్చు లెక్కలు దగ్గర నుంచి చూసినవాణ్ణి గనక కొంచెం వివరంగా రాస్తాను. మా మేనమామ ఒకసారి అసెంబ్లీకి నిలబడ్డారు, లెక్కలు రాసింది నేనే. 2022 నుంచి పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు. నామినేషన్‌కి ముందే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. రోజువారీ రిజిస్టరు రాయాలి. ఎన్నికల సంఘం పెట్టిన ఖర్చుల పరిశీలకుడు ప్రచారంలో మూడుసార్లు పిలిచి చూస్తాడు. వాళ్ల దగ్గర ఇంకో రిజిస్టరు ఉంటుంది, షాడో రిజిస్టరు అంటారు. సభకి ఎన్ని కుర్చీలు, ఎన్ని ఫ్లెక్సీలు, ఎన్ని టీలు, వీడియో చూసి వాళ్లే రాసుకుంటారు. టీ ఎంత, కుర్చీ అద్దె ఎంత అని జిల్లా ధరల పట్టిక కూడా ఉంటుంది. మన లెక్కా వాళ్ల లెక్కా కలవకపోతే నోటీసు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో మొత్తం సమర్పించాలి, లేకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత పడొచ్చు.

వినడానికి చాలా పకడ్బందీగా ఉంది కదా? టీ గ్లాసుల దగ్గర నిజంగానే పకడ్బందీ. నేను పన్నెండు రూపాయల టీ పది అని రాసినందుకు గంటసేపు నిలబెట్టారు. కానీ చివరి రెండు రాత్రులు వీధుల్లో తిరిగిన డబ్బుకి రిజిస్టరే లేదు. అది అటువైపూ తిరిగింది, మావైపూ తిరిగింది. మామ రెండెకరాలు అమ్ముకున్నారు, ఓడిపోయారు. ఆ రెండెకరాలు నేను రాసిన లెక్కలో ఎక్కడా లేవు. సంతకం నేనే పెట్టించాను. ఈ రోజుకీ అది నాకు నిద్రపట్టనివ్వని విషయం.

వైట్‌ఫీల్డ్_వదిన
రాసినందుకు సంతోషం చిట్టాగారూ. ఇలా చెప్పేవాళ్లు తక్కువ.

అనంతవాసి
అభ్యర్థికి 40 లక్షలు సరే, పార్టీకి ఎంత?

పాలకొల్లు_ప్లీడరు
పార్టీకి పరిమితి లేదు. ఇది యాభై ఏళ్ల నాటి కథ. కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుందంది. వెంటనే పార్లమెంటు చట్టాన్ని సవరించి పార్టీ, స్నేహితులు పెట్టేది లెక్కలోకి రాదని రాసేసింది. 2003లో దాన్ని కొంత బిగించారు. కానీ పార్టీ సొంత ప్రచారానికి ఈనాటికీ పరిమితి లేదు.

ఇక ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందంటే, ఎలక్టోరల్ బాండ్లు గుర్తున్నాయి కదా. 2018 జనవరిలో పథకం వచ్చింది. స్టేట్ బ్యాంకులో కొనాలి, వెయ్యి నుంచి కోటి దాకా విలువలు, ఎవరు ఎవరికిచ్చారో జనానికి తెలియదు. పాత చట్టంలో కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదు. ఆ హద్దు కూడా తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు జడ్జీల ధర్మాసనం మొత్తం కొట్టేసింది. ఓటరుకి తెలుసుకునే హక్కు ఉందన్నదే ప్రధాన కారణం. మార్చి 14న పేర్లు బయటికొస్తే, ఎక్కువ కొన్నవాళ్లలో మొదటిది కోయంబత్తూరు లాటరీ కంపెనీ, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్ కంపెనీ మేఘా, 966 కోట్లు.

హెచ్‌ఎస్‌ఆర్_హరి
అవి ఢిల్లీ స్థాయి లెక్కలు సార్. మా వార్డు గుంతకీ వాటికీ సంబంధం ఏముంది?

చిత్తూరు_చిట్టా
ఉంది హరీ. పెట్టినవాడు రాబట్టుకోవాలి. గుంత పూడ్చే కాంట్రాక్టే రాబట్టుకునే చోటు.

బెల్లందూర్_భాను
గుంత గురించి ఎవర్ని అడగాలి అన్నది ఇంకా పెద్ద సమస్య. బెంగళూరులో చివరిసారి కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో. 2020 సెప్టెంబరు 10తో ఆ సభ గడువు అయిపోయింది. అప్పటి నుంచి అధికారుల పాలనే. మా వీధిలో పుట్టిన పాప బడికి పోతోంది, దాని జీవితంలో కార్పొరేటర్ అనే మనిషిని చూడలేదు.

పాలకొల్లు_ప్లీడరు
రాజ్యాంగం 243యు అధికరణం ప్రకారం గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలి. 2020 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు పాత 198 వార్డులకే ఎన్నిక పెట్టమంది, సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2022లో వార్డులు 243 చేశారు. రిజర్వేషన్ల జాబితా మీద కేసులు పడి ఆ సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మారాక 2023లో 225 అన్నారు. తర్వాత గ్రేటర్ బెంగళూరు చట్టం తెచ్చి, 2025లో అయిదు కార్పొరేషన్లు, 369 వార్డులు చేశారు. గీతలు గీసిన ప్రతిసారీ కొత్త అభ్యంతరాలు, కొత్త పిటిషన్లు.

టీనగర్_తెలుగమ్మాయి
చెన్నైలో మాకూ ఇదే. 2016 అక్టోబరులో కార్పొరేషన్ గడువు అయిపోయింది, ఎన్నికల ప్రకటనని మద్రాసు హైకోర్టు కొట్టేసింది. మళ్లీ ఓటు వేసింది 2022 ఫిబ్రవరిలో. మధ్యలో వర్దా తుపాను, 2019 నీళ్ల కరువు, కరోనా. అన్నిటికీ వార్డు మనిషి లేకుండానే బతికాం. నీళ్ల లారీ కోసం ఎవరికి ఫోన్ చేయాలో తెలియక అమ్మ తెల్లవారుజామున బిందెలు పెట్టుకుని వీధి చివర కూర్చునేది.

మారతహళ్లి_మాధవి
మా సీ బ్లాకు సంగతి? గీత మార్చమని కోర్టుకెళ్లొచ్చా?

పాలకొల్లు_ప్లీడరు
243జెడ్‌జీ అధికరణం వార్డుల విభజనని కోర్టులో ప్రశ్నించకూడదంటుంది. నియోజకవర్గాలకి 329 అలాంటిదే. అయితే 2024లో కిశోర్‌చంద్ర రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు, విభజన ఉత్తర్వు మరీ ఏకపక్షంగా ఉండి రాజ్యాంగ విలువలకి విరుద్ధమైతే కోర్టులు చూడొచ్చని చెప్పింది. ఒక అపార్ట్‌మెంటు రెండు ముక్కలైందన్నది అంత దూరం పోతుందని నేను అనుకోను. అసలు అదను ముసాయిదా వచ్చి అభ్యంతరాలు అడిగినప్పుడు. అప్పుడు మీ అసోసియేషన్ ఒక్క కాగితం పెట్టిందా?

మారతహళ్లి_మాధవి
లేదు. గ్రూపులో మ్యాపు ఎవరో పెట్టారు. దాని కింద పార్కింగ్ గొడవ మొదలైంది, అందరం అందులో పడ్డాం.

వైట్‌ఫీల్డ్_వదిన
గీతల గురించే మాట్లాడుతున్నారు గనక అడుగుతున్నా. మా మహదేవపురలో 2024 నాటికి ఓటర్లు ఆరు లక్షలు దాటారు. ఇదే ఊళ్లో శివాజీనగర్‌లో రెండు లక్షల దరిదాపు. ఇద్దరికీ ఒక్కో ఎమ్మెల్యే. అంటే నా ఓటు శివాజీనగర్ ఓటులో మూడో వంతేనా?

అనంతవాసి
2008లో గీసిన నియోజకవర్గాల గీతలు వదినా, అదీ 2001 జనాభా లెక్కల మీద. అప్పటికి మీ ఐటీ పార్కుల చుట్టూ ఇన్ని ఇళ్లెక్కడివి? కానీ దేశం మొత్తానికి కొత్తగా గీయమంటే మన దక్షిణాదికి దెబ్బ. లోక్‌సభ సీట్లు 1971 లెక్క మీద ఆగి ఉన్నాయి. 2001 నాటి 84వ సవరణ ఆ ఆపుని 2026 తర్వాత తీసే మొదటి జనగణన దాకా పొడిగించింది. జనాభాని అదుపు చేసినందుకు ఆంధ్రా 25, తెలంగాణ 17, కర్ణాటక 28, తమిళనాడు 39 సీట్ల వాటా తగ్గితే అది శిక్షే కదా?

టీనగర్_తెలుగమ్మాయి
2025 మార్చి 22న చెన్నైలో ముఖ్యమంత్రుల సమావేశం జరిగింది దీని మీదే. తెలంగాణ, కేరళ, పంజాబ్ ముఖ్యమంత్రులు వచ్చారు.

వైట్‌ఫీల్డ్_వదిన
అన్నా, నువ్వు చెప్పేది ఒప్పుకుంటా. కానీ రాష్ట్రాల మధ్య వాటా వేరు, ఒక రాష్ట్రం లోపల గీతలు వేరు. మొదటిదానికి భయపడి రెండోది ఆపితే మునిగేది వలస వచ్చి నగరం అంచున ఉంటున్న మనమే. మహదేవపురలో ఎవరుంటారు? ఇంజనీరు, ఆటోవాడు, తాపీమేస్త్రీ, ఇంటి పని అక్క. ఈ అందరికీ తలా మూడో వంతు ఓటే.

అనంతవాసి
ఇది నేను ఇలా ఆలోచించలేదు. రాష్ట్ర వాటా కదపకుండా లోపలి గీతలు మాత్రం సరిచేయొచ్చు, నిజమే. 2008లో జరిగింది అదే కదా. మరి మన ఆంధ్రాలో? రాష్ట్ర విభజన చట్టంలో అసెంబ్లీ సీట్లు ఇక్కడ 175ని 225, తెలంగాణలో 119ని 153 చేస్తామని రాశారు. జమ్మూ కశ్మీర్‌లో చేశారు, మాకెందుకు చేయరని కోర్టుకి పోతే 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

పాలకొల్లు_ప్లీడరు
విభజన చట్టంలో ఆ మాట రాసిన 26వ సెక్షన్ రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి ఉంది. 2026 తర్వాతి జనగణన దాకా ఆగాలన్న ఆపు రాష్ట్రాల అసెంబ్లీ సీట్లకీ ఉంది. జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం, దానికి ఆ అడ్డు లేదు. తీర్పు సారాంశం అదే.

సర్జాపూర్_సీను
రెండు రోజులుగా మొత్తం చదివాను. ఊరి ఓటు తీసేయమని ఫారం 7 నేనే పెట్టాను. అమ్మకి ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఎన్నికలకి కూడా రావా?" అంది. సంక్రాంతికి వస్తానని చెప్పాను. ఎవరు తిట్టినా పర్లేదు, రాసేశాను.

రిటైర్డ్_మాస్టారు
తిట్టేది ఎవరు బాబూ. మంచి పని చేశావు.

దువ్వూరు_డ్రైవరన్న
నాది ఊళ్లోనే ఉంచుకుంటా. పెండ్లాం బిడ్డలు ఆడుంటే, నేను నెలకి రెండుసార్లు పోతా వస్తా ఉంటే, నా ఇల్లు ఆడేగా సార్?

పాలకొల్లు_ప్లీడరు
మీకు అక్కడే ఉండటం సబబు అన్నా. తాత్కాలికంగా ఊరు వదిలినంత మాత్రాన నివాసం పోదని చట్టమే చెప్తుంది. ఇంకోటి, పోలింగ్ రోజు జీతంతో సెలవు మీ హక్కు, 1951 చట్టం 135బి సెక్షన్. ఈసారి ఆ బస్సు ఎక్కొద్దు.

దువ్వూరు_డ్రైవరన్న
ఎక్కను సార్. సెలవిస్తే చాలు, టికెట్ నేనే పెట్టుకుంటా.

మారతహళ్లి_మాధవి
నిన్న ఫారం 6 పెట్టాను, భాను చెప్పినట్టు ఆధార్‌తో. ఈ పొద్దున బీఎల్వో వచ్చారు, అంగన్‌వాడీ టీచరట, కాలికి చెప్పులు అరిగిపోయి ఉన్నాయి. మంచినీళ్లు తాగి, "యావూరు?" అన్నారు. మారతహళ్లి అన్నాను. రాసుకున్నారు. నాన్నకి ఇంకా చెప్పలేదు, ఆదివారం చెప్తాను. మా అమ్మాయికి వచ్చే ఏప్రిల్‌కి పద్దెనిమిది నిండుతాయి, దాని ఫారం ఇప్పుడే పెట్టొచ్చా?

బెల్లందూర్_భాను
పెట్టొచ్చు అక్కా. పదిహేడు దాటితే ముందుగానే తీసుకుంటారు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు, నాలుగు తేదీలున్నాయి. ఒకటో తేదీకి పద్దెనిమిది నిండి ఉండాలి. ఏప్రిల్ ఒకటి దాటాక పుట్టిన్రోజైతే జులైకి ఎక్కుతుంది.

మారతహళ్లి_మాధవి
పుట్టింది ఏప్రిల్ 9. అయితే జులై. సరే, ఇవాళే నింపిస్తా. సీ బ్లాకులో ఉన్న నలుగురు తెలుగువాళ్లు ఇది చదువుతున్నారని తెలిసింది. మీ వార్డు నంబరు, బూత్ ఏదో నా దగ్గర రాసి ఉంది. ఆదివారం పదింటికి కింద సెక్యూరిటీ గది దగ్గర ఉంటాను, ఆధార్ జిరాక్స్ తెచ్చుకోండి.